ఉద్యోగం వదిలి బొమ్మలేస్తూ తిరగాలనుకుంటే, ముందు మళ్లీ వెళ్లే ఊళ్లు చూసుకోండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 33. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని, చేతికి 92 వేలు. మొత్తం సర్వీసు 9 ఏళ్ల 4 నెలలు, అందులో ఇప్పటి కంపెనీలో 4 ఏళ్ల 4 నెలలు. బ్యాంకులో 9 లక్షలున్నాయి, అప్పుల్లేవు. అమ్మానాన్నలు ఖమ్మంలో ఉంటారు. ఎనిమిదేళ్లుగా వాటర్‌కలర్ వేస్తున్నారు, ఇన్‌స్టాగ్రామ్‌లో 11 వేల మంది ఫాలో అవుతున్నారు. వచ్చే నెల రిజైన్ చేసి, ఏడాదిపాటు దేశమంతా తిరుగుతూ బొమ్మల మీదే బతకాలని మీ కోరిక. అందరూ పిచ్చి అంటున్నారు, ఆ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి అని అడిగారు.

పిచ్చి కాదండీ. కానీ వచ్చే నెల వద్దు, ఎనిమిది నెలలు ఆగండి. దేశమంతా తిరగడం కూడా వద్దు. ఈ రెండు మాటలూ ఎందుకంటున్నానో చెప్పాలంటే కాస్త పెద్దగానే రాయాలి.

మాది విజయనగరం. 2012 దాకా ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లర్కుగా పనిచేశాను. ఆ ఏడాది మానేశాను. డిసెంబరు 12న కొచ్చిలో మొదటి బియెనాలె, అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన, మొదలవుతోందని పేపర్లో చదివి, నేరుగా కొచ్చి రైలెక్కాను. ఫోర్ట్ కొచ్చిలో ఆ ప్రదర్శన జరిగే ఆస్పిన్‌వాల్ హౌస్ ఎదురుగా రోడ్డు పక్కన కూర్చుని పోస్ట్‌కార్డు సైజు బొమ్మలు వేస్తే మొదటి వారంలోనే పద్నాలుగు అమ్ముడుపోయాయి. ఇంత తేలికా అనుకున్నాను. అక్కణ్ణుంచి హంపి, గోవా, ముంబై, ఉదయపూర్, జైసల్మేర్, వారణాసి... ఐదు నెలల్లో 21 ఊళ్లు తిరిగాను. లెక్క చూసుకుంటే ఖర్చు లక్షా 38 వేలు, బొమ్మల మీద వచ్చింది 31 వేలు. డబ్బు సంగతి అటుంచండి, ఆ ఐదు నెలల స్కెచ్‌బుక్ ఇప్పుడు తీసి చూస్తే పనికొచ్చే బొమ్మలు నాలుగో ఐదో ఉంటాయి. వారానికో ఊరు మారేవాళ్లకి బొమ్మ వేసే టైమే ఉండదు. రూము వెతకడం, సామాను సర్దడం, టికెట్లు, తిండి, బట్టలుతుక్కోవడంతోనే రోజు గడిచిపోతుంది. మిగిలిన గంటలో ఏం వేస్తాం? ఎవరైనా ఫొటో తీసే చోట నిలబడి, ఆ ఫొటోలో ఉండేదే వేస్తాం.

ఆ వేసవిలో ఇంటికొచ్చి చాలా రోజులు దిగులుగా ఉన్నాను. నాకు దారి చూపింది చేర్యాల. సిద్దిపేట జిల్లాలో ఉంది, మీరు పేరు వినే ఉంటారు. అక్కడ తరతరాలుగా బొమ్మలు వేసే నకాశీ వాళ్లు గుడ్డ మీద వేసే పటాల పని నేర్చుకుందామని మూడు వారాలు ఉన్నాను. గుడ్డ తయారుచేయడంతోనే నా మొదటి వారం అయిపోయింది. ఖాదీ గుడ్డకి గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూత పూస్తారు. ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది, అది ఆరాక మూడోది. నేను తొందరపడి రెండో పూత ఆరకముందే మూడోది పూశాను. ఆరాక గుడ్డ మడిచి చూస్తే పూత పెచ్చులుగా రాలిపోయింది. నేర్పించే పెద్దాయన ఒక్క మాటా అనలేదు, కొత్త గుడ్డ చేతికిచ్చారు.

అక్కడే, పూత ఆరేదాకా ఖాళీగా కూర్చున్న మధ్యాహ్నాల్లో, ఆ పటాలు ఎవరి కోసమో తెలుసుకున్నాను. ముప్పై నలభై అడుగుల పటం చుట్టగా చుట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి కథ చెప్పేవాళ్ల కోసం. కాకిపడగలవాళ్లు ముదిరాజులకి పాండవుల కథ చెబుతారు. కూనపులివాళ్లు పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెబుతారు. డక్కలివాళ్లు మాదిగలకి జాంబపురాణం చెబుతారు. వీళ్లెవరూ కనబడిన ఊరికల్లా వెళ్లరు. ఏ కుటుంబం ఏ ఊళ్లకి వెళ్లాలో తాతల నాటి నుంచి పంచుకుని ఉంటుంది. ఆ ఊళ్లో వాళ్లకి హక్కుంది, ఊరివాళ్లకి వీళ్లొస్తారన్న ఎదురుచూపు ఉంది. పటం వేయించుకునేది కూడా ఆ తిరుగుడులో వచ్చే ధాన్యం, డబ్బు లెక్కలోకి వస్తుందన్న ధైర్యంతోనే.

మన నేల మీద కళ చేతబట్టుకుని తిరిగి బతికినవాళ్లు ఇలా బతికారు. తెలియని ఊళ్లు చూడ్డానికి పోలేదు, తెలిసిన గడపలకి మళ్లీ మళ్లీ వెళ్లారు. అది అర్థమయ్యాక నేను 21 ఊళ్లు మానేసి నాలుగు ఊళ్లు పెట్టుకున్నాను. ఒక్క బెంగళూరులో తప్ప, ఒక్కో ఊళ్లో నెల నుంచి రెండు నెలలు ఉంటాను. ఏటా అదే కాలానికి మళ్లీ వెళ్తాను. నా బతుకు నిలబడింది దానివల్లే. మీకు చెప్పదలుచుకున్న అసలు సంగతి కూడా ఇదే.

ఇప్పుడు నా ఏడాది ఎలా ఉంటుందో చెబుతాను. జనవరి మొదట్లో బెంగళూరు వెళ్తాను. కర్ణాటక చిత్రకళా పరిషత్ వాళ్లు కుమారకృపా రోడ్డు మీద చిత్రసంతె పెడతారు. ఒక్క రోజే, కానీ వెయ్యికి పైగా ఆర్టిస్టులు రోడ్డుకి అటూ ఇటూ బొమ్మలు పెట్టుకుంటారు. ముందే దరఖాస్తు చేసుకోవాలి. సంక్రాంతికి ముందే కోనసీమ చేరి మార్చి దాకా అమలాపురం చుట్టుపక్కల ఉంటాను. ఏప్రిల్, మే నెలలు హిమాచల్‌లో నగ్గర్. రష్యన్ చిత్రకారుడు నికోలస్ రోరిక్ ఉన్న ఊరు, మన తుమ్మపూడి రచయిత, చిత్రకారుడు సంజీవదేవ్ గారు వెళ్లి ఆయన దగ్గర ఉండి వచ్చిన ఊరు. వానాకాలం మొత్తం ఇంట్లోనే: స్కానింగు, ప్రింట్లు, పెండింగ్ ఆర్డర్లు, పిల్లలకి క్లాసులు. చలి మొదలయ్యాక ఫోర్ట్ కొచ్చి.

కోనసీమే ఎందుకంటే, నాకు అన్నం పెట్టే పని అక్కడ దొరికింది. పాత మండువా ఇళ్ల బొమ్మలు. పెద్దవాళ్లు పోయాక, పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండిపోయాక, ఆ ఇళ్లు అమ్మేయడమో పడగొట్టేయడమో జరుగుతోంది. పండక్కి అందరూ ఒక్కచోట చేరినప్పుడు ఆ మాట వస్తుంది. ఇల్లు ఎలాగూ ఉండదు, బొమ్మైనా వేయించుకుందాం అంటారు.

మొదటి ఇల్లు 2014లో. ఫొటోలు తీసుకుని రెండు రోజుల్లో వేసిచ్చేద్దామనుకున్నాను. మధ్యలో మండువా, పైన ఆకాశం, చుట్టూ స్తంభాలు, నాచు పట్టిన పెంకులు, మూల ఇత్తడి గంగాళం. మూడో రోజు బొమ్మ పట్టుకెళ్లి చూపిస్తే ఆ ఇంటి మామ్మగారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "బాగుందమ్మా, ఆ గీతలేవీ?" అన్నారు. నాకర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని వెనక గదికి తీసుకెళ్లారు. ధాన్యం గాదె పక్కన గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు, ఐదేసి చొప్పున, వందల కొద్దీ. బస్తాలు లోపలికి మోస్తున్నప్పుడు వాళ్లాయన వేసిన లెక్క. సున్నం వేయించిన ప్రతిసారీ ఆ గోడ ఒక్కటీ వదిలేయమనేవారట. నేను మాసిన గోడ అనుకుని అటువైపే చూడలేదు. ఆ ఇంటి పని 11 రోజులు పట్టింది. ముందరి బొమ్మ పక్కన పెట్టి, మండువాలోంచి ఆ గది తలుపు తెరిచి కనబడేలా, గోడ మీద గీతలతో సహా మళ్లీ వేశాను. 6 వేలు అనుకున్న పనికి ఆవిడ మనవరాలు న్యూజెర్సీ నుంచి 15 వేలు పంపింది. ఆ మనవరాలి ద్వారానే తర్వాత నాకు మరో తొమ్మిది ఇళ్లు వచ్చాయి.

మూడు రోజులకే ఊరు దాటి ఉంటే నాకు ఆ గీతలు కనబడేవి కావు, ఆ తొమ్మిది ఇళ్లూ వచ్చేవి కావు. ఒక ఊళ్లో మొదటి వారం మీరు కొత్త మనిషి. రెండో వారానికి టీ కొట్టు ఆయన మీ బొమ్మ చూడమని పదిమందికి చెబుతాడు. మూడో వారం ఎవరో ఒకరు మా అమ్మ బొమ్మ వేస్తావా అనడుగుతారు. పని వచ్చేది మూడో వారంలోనే. నాకు ప్రతి ఊళ్లోనూ ఇలాగే జరిగింది.

ఇన్‌స్టాగ్రామ్ గురించి ఒక మాట. 11 వేల మంది ఉండటం మంచిదే. కానీ వాళ్లలో ఇప్పటిదాకా మీకు డబ్బిచ్చి బొమ్మ కొన్నవాళ్లెందరో మీరు రాయలేదు. అందులో మీ బంధువులు, కొలీగ్స్ కానివాళ్లు ఎందరు? ఆ అంకె తెలియకుండా ఎవరూ మీకు ధైర్యం చెప్పకూడదు. నేనూ చెప్పను.

అందుకే ఎనిమిది నెలలు. ఈ ఎనిమిది నెలల్లో శని, ఆదివారాలు పెట్టి నెలకి మూడు బొమ్మలు, ముక్కూమొహం తెలియనివాళ్లకి, పూర్తి ధరకి అమ్మాలి. వరసగా నాలుగు నెలలు అలా జరిగితే రిజైన్ చేయండి. జరగకపోతే ధర తప్పా, బొమ్మ రకం తప్పా, చూపించే చోటు తప్పా అన్నది జీతం వస్తుండగానే తేల్చుకోవచ్చు. డబ్బు అయిపోతున్న టెన్షన్‌లో అది తేలదు. ఆ భయంలో అడిగినవాళ్లకల్లా అడిగిన రేటుకి వేసిచ్చేస్తాం. ఒకసారి పడిపోయిన రేటు ఆ ఊళ్లో మళ్లీ పైకి రాదు.

ఎనిమిది నెలలకి మరో కారణం కూడా ఉంది. ఒకే కంపెనీలో 5 ఏళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. మీకు ఇంకా 8 నెలలే ఉంది. లెక్క ఏమిటంటే చివరి బేసిక్‌ని 26తో భాగించి, 15తో హెచ్చించి, ఏళ్లతో హెచ్చించాలి. మీ బేసిక్ 46 వేలనుకుంటే దాదాపు లక్షా 33 వేలు. నా ఖర్చు ప్రకారం అది నాలుగు నెలల బతుకు. ఊరికే వదిలేయకండి. ఇంకొకటి, మీ పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి పెన్షన్ కాలమ్‌లో డబ్బు పడుతోందో లేదో చూడండి. కొందరికి జీతం ఎక్కువని మొదటి నుంచీ పడి ఉండదు. పడుతుంటే మాత్రం, 10 ఏళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకి పెన్షన్ అర్హత వస్తుంది. అది కూడా మీకు సరిగ్గా ఈ ఎనిమిది నెలల్లోనే నిండుతుంది. పాత కంపెనీ పీఎఫ్ ఇప్పటి ఖాతాలోకి మార్పించుకున్నారో లేదో కూడా చూసుకోండి, లేకపోతే ఆ ఏళ్లు లెక్కలో కలవవు.

హెల్త్ ఇన్సూరెన్స్ అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. కంపెనీ పాలసీ మీ ఆఖరి రోజుతో పోతుంది, అందులో అమ్మానాన్నలుంటే వాళ్లది కూడా. కొత్త పాలసీల్లో ముందు నుంచీ ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిము ఇవ్వని కాలం, మూడేళ్ల దాకా ఉండొచ్చు. నాన్నగారికి షుగరని రాశారు కాబట్టి ఇవాళే మొదలుపెడితే ఎనిమిది నెలలు అందులో తగ్గుతాయి. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసి కూడా మానేసిన ఏడాది దీన్ని వాయిదా వేశాను. ఆ మరుసటి ఏడాదే అమ్మకి కంటి ఆపరేషన్, మోకాలి ఆపరేషన్ వెంట వెంటనే వచ్చాయి. దాచుకున్న డబ్బులో సగం అక్కడే అయిపోయింది.

ఇక బడ్జెట్. ఎనిమిది నెలల్లో నెలకి 30 వేలు దాచినా 2 లక్షల 40 వేలు. మీ 9 లక్షలు, గ్రాట్యుటీ కలిపితే 12 లక్షల 70 వేలు అవుతుంది. అందులో 3 లక్షలు ఇంటి అవసరాలకని ఎఫ్‌డీలో వేసి మర్చిపోండి. నెలకి 30 వేల చొప్పున 18 నెలలకి 5 లక్షల 40 వేలు. మిగిలింది ప్రీమియంలకి, రంగులు, కాగితాలకి, ఒక మంచి స్కానర్‌కి. ఏడాది కాదు, 18 నెలలు అనుకోండి. మొదటి ఏడాది ఊళ్లు తెలుసుకోవడానికి సరిపోతుంది. డబ్బు వచ్చేది రెండోసారి అదే ఊరికి వెళ్లినప్పుడు. ఏడాదికే లెక్క వేసుకున్నవాళ్లు సరిగ్గా ఫలితం రాబోయే ముందు వెనక్కి వచ్చేయడం చాలామందిలో చూశాను. నా మనసుకి చాలా కష్టంగా ఉంటుంది.

రేట్ల విషయంలో నా అంకెలు చెబుతాను, మీవి మీరు కట్టుకోండి. ఏ3 సైజు ఇంటి బొమ్మ 2014లో 6 వేలు, ఇప్పుడు 18 వేలు. గోడ బొమ్మలకి పనిని బట్టి చదరపు అడుగుకి 250 నుంచి 400, రంగుల ఖర్చు వేరే. సగం అడ్వాన్సు లేకుండా పెన్సిల్ పట్టను. గోడ పని ఒప్పుకునే ముందు ఆ గోడకి రెండడుగుల పాలిథిన్ షీటు నాలుగు పక్కలా టేపుతో అతికించి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే లోపలివైపు నీటిబొట్లు కనబడితే గోడలో చెమ్మ ఉన్నట్టే. అప్పుడు ఎంత మంచి రంగు వేసినా ఏడాదిలో పొక్కులు లేస్తుంది, పేరు పోయేది మనదే.

కాపీరైట్ గురించి మాత్రం కాస్త ఆగి చదవండి. 2015లో ఒక రిసార్ట్ వాళ్లు గదుల్లో పెట్టుకుంటామని ఆరు వాటర్‌కలర్స్ వేయించుకున్నారు. 40 వేలిచ్చారు, ఎంతో సంతోషపడ్డాను. మరుసటి ఏడాది ఆ దారిన వెళ్తే నా బొమ్మలు క్యాలెండర్ల మీద, గుడ్డ సంచుల మీద, టీ కప్పుల మీద ఉన్నాయి. రిసెప్షన్‌లోనే అమ్ముతున్నారు. ఏడుపొచ్చింది. లాయర్ దగ్గరికి వెళ్తే ఆయన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ తీసి చూపించారు. ఎవరైనా అడిగి, డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, కాపీరైట్ వేయించుకున్నవాళ్లదే. వేసినవాళ్లది కాదు. నా దగ్గర కాగితం ముక్క లేదు. అప్పటి నుంచి ప్రతి ఆర్డరుకీ, ఐదు వేల పనికైనా సరే, రెండు వాక్యాలు రాయించుకుని సంతకం పెట్టించుకుంటాను: "ఈ బొమ్మ అసలు ప్రతి మీది. దీన్ని అచ్చువేసి అమ్మే హక్కు, కాపీరైట్ ఆర్టిస్టువి." ఎవరూ కాదనలేదు. ముందే చెబితే కాదనరు. ఎవరికైనా హక్కు రాసిస్తే మాత్రం ఎన్నేళ్లకో, ఎక్కడ వాడుకోవచ్చో కూడా రాయండి. రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా, దేశం మొత్తానికి ఇచ్చినట్టుగా తీసుకుంటుంది.

వచ్చిన ప్రతి రూపాయికీ నంబరు వేసిన బిల్లు ఉంచుకోండి. జీతం ఆగిపోయినా ఐటీ రిటర్ను వేయడం ఆపొద్దు. రేపు వీసాకైనా లోనుకైనా అడిగేది అదే. సర్వీసుల మీద ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు కాబట్టి మొదట్లో దాని గురించి బెంగపడక్కర్లేదు.

మీరు చివర్లో యూరప్ మాట ఎత్తారు. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ టూరిస్టు వీసా మీద 180 రోజుల్లో 90 రోజులు ఉండొచ్చు, 30 వేల యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. కానీ ఆ వీసా మీద డబ్బు తీసుకుని పనిచేయకూడదు. హాస్టల్ గోడకి బొమ్మ వేసి దానికి బదులు ఉచితంగా ఉండటం కూడా చాలా దేశాల్లో పని కిందకే వస్తుంది. ఇంటర్నెట్‌లో దీన్ని చాలా తేలిగ్గా చెబుతారు, నమ్మకండి. రెసిడెన్సీకి, అంటే కొన్నాళ్లు అక్కడే ఉండి బొమ్మలేసుకోమని ఇచ్చే అవకాశానికి, పిలుపు వస్తే స్టైపెండ్ ఉందా, ఏ వీసా మీద రమ్మంటున్నారు అని వాళ్లనే రాతపూర్వకంగా అడగండి. మొదటి రెండేళ్లు మాత్రం మన దేశమే చాలు. ఢిల్లీలో ఖోజ్ అనే ఆర్టిస్టుల సంస్థ లాంటి చోట్ల రెసిడెన్సీలున్నాయి. చెన్నై, భువనేశ్వర్‌లలో లలిత కళా అకాడమీ కేంద్రాల్లో స్టూడియోలున్నాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్ 25 నుంచి 40 ఏళ్ల వాళ్లకి, నెలకి 10 వేలు, రెండేళ్లు. మీ వయసు సరిపోతుంది. దానికి తిరుగుతాను, బొమ్మలేస్తాను అంటే కుదరదు, ఒక విషయం పట్టుకుని రాయాలి. మీరు పంపిన వాటిలో ఖమ్మం ఖిల్లా బొమ్మలు ఆరున్నాయి. నాకు మిగతా అన్నిటికంటే అవే నచ్చాయి. తెలంగాణ కోటల కింద ఇప్పటికీ బతుకుతున్న వీధులు అన్న విషయం మీ బొమ్మల్లోనే కనబడుతోంది, మీరింకా గమనించినట్టు లేరు.

సామాను విషయం త్వరగా చెప్పేస్తాను. మీది వాటర్‌కలర్ కాబట్టి అదృష్టవంతులు, టర్పెంటైన్‌లాంటివి విమానంలో ఎక్కనివ్వని గొడవ మీకు లేదు. కాగితం మాత్రం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) మందం ఉన్న కాటన్‌ది తప్ప వాడకండి, ఇంటి బొమ్మకి తక్కువ కాగితం పెడితే పదేళ్లకి పసుపెక్కుతుంది. ఆ కాగితానికి చెమ్మ శత్రువు. ఒక జూన్‌లో ఫోర్ట్ కొచ్చిలో ఉండిపోయాను. కట్ట విప్పి ఆకాశానికి పలచగా రంగు (వాష్) పూస్తే అక్కడక్కడా రంగు చుక్కలు చుక్కలుగా లోపలికి ఇంకిపోయింది, బ్లాటింగ్ పేపర్ మీద సిరా పడ్డట్టు. రంగు లోపలికి పీల్చుకోకుండా కాగితానికి పట్టించే జిగురు (సైజింగ్) చెమ్మకి చెడిపోయింది. 22 షీట్లు పారేశాను. అందుకే వానాకాలం తీరప్రాంతంలో పని పెట్టుకోను, ఎప్పుడైనా తప్పకపోతే సిలికా జెల్ ప్యాకెట్లు వేసి జిప్ కవర్లో ఉంచుతాను.

ఒంటరిగా తిరిగే ఆడవాళ్లు నన్ను ఎప్పుడూ అడిగేది భయం గురించి. మీరు అడగలేదు కానీ మీ అమ్మగారి మనసులో ఉండేది అదే. కొత్త ఊరు ఎప్పుడూ పగలే చేరండి, అందుకోసం రైలు ఖర్చు రెట్టింపైనా సరే. మొదటి మూడు రాత్రులు ముందే బుక్ చేసుకున్న చోట ఉండి, తర్వాత నెల అద్దెకి గది వెతకండి. ఆడవాళ్లున్న ఇంట్లో పై వాటా దొరికితే అంతకంటే మంచిది లేదు. సత్రాలను నమ్ముకోవద్దు, కొన్ని చోట్ల ఒంటరిగా వచ్చినవాళ్లకి గది ఇవ్వరు. ఏటా అదే ఊరికి వెళ్లడంలో ఉన్న పెద్ద లాభం ఇక్కడే తెలుస్తుంది. నగ్గర్‌లో మా ఇంటావిడ నేను బస్సు దిగే టైముకి కొడుకుని స్టాండుకి పంపిస్తుంది. మా అమ్మ దగ్గర ఆవిడ నంబరుంది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఫోన్లు చేసుకుంటారు.

అమ్మానాన్నలకి చెప్పేటప్పుడు "ఏడాది తిరిగొస్తాను" అనకండి. ఆ మాట వాళ్లకి పని మానేసి తిరగడంలాగే వినిపిస్తుంది. ఏ నెల ఏ ఊళ్లో ఉంటారో, ఎవరింట్లో ఉంటారో, నెలకి ఎంత వస్తుందో కాగితం మీద రాసి చూపించండి. ఇప్పుడు ఇంటికి పంపుతున్న 15 వేలు తగ్గించి 5 వేలు చేసినా, అదే తేదీకి పంపండి. నేను ఉద్యోగం మానేశాక మా నాన్న రెండేళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ రెండేళ్లూ 5వ తారీఖున డబ్బు పంపడం మానలేదు. మూడో ఏడు ఒక 5వ తారీఖున డబ్బు పంపాక ఆయనే ఫోన్ చేసి, "ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నావు, ఏం వేస్తున్నావు?" అనడిగారు. మొదటిసారి.

మీరు ఈ వారాంతం చేయాల్సిన పని చెబుతాను. ఖమ్మం వెళ్లండి. ఖిల్లా కింద వీధిలోనో, నేలకొండపల్లిలోనో ఒక పాత ఇల్లు ఎంచుకోండి. ఆ ఇంటివాళ్లని అడిగి, ఫొటో తీయకుండా, మూడు ఆదివారాలు వరసగా అక్కడే కూర్చుని వేయండి. మూడో ఆదివారం బొమ్మ వాళ్లకి చూపించి, ఏం మర్చిపోయానో చెప్పమనండి. తర్వాత దానికి ధర చెప్పండి. కొంటారా లేదా అన్నది తర్వాతి సంగతి, ధర నోటితో చెప్పడం మీకు అలవాటవ్వాలి. మొదటిసారి నాకు గొంతు పూడుకుపోయింది.

పీఎఫ్ పాస్‌బుక్ చూశాక పెన్షన్ కాలమ్ సంగతి, ఇప్పటిదాకా తెలియనివాళ్లు మీ దగ్గర కొన్న బొమ్మల లెక్క ఇక్కడే రాయండి. చూసి మిగతాది చెబుతాను.